బోర్డు బదులు మనిషి

వెల్లుల్లి వాసన. ఎవరో నూనెలో వెల్లుల్లి వేయిస్తున్నారు, అంతకు మించి ఏమీ కాదు, అనుకుంది బోర్డమ్మ, మెట్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే కొంగు ముక్కు దాకా తెచ్చుకుని. తెచ్చుకున్నాక మళ్లీ దించేసింది, ముక్కు మూసుకుంటే తానే ఒప్పుకున్నట్టవుతుందని. అందరూ తిని గిన్నెలు కడిగేసి నడుం వాల్చే వేళ ఇది, ఈ వేళప్పుడు వెల్లుల్లి వేయించే ఇల్లాలు ఎవరే, అని లోపల ఒక గొంతు అడిగింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు, పోయిన పెనిమిటిది. బతికున్నన్నాళ్లూ పది మాటలకు ఒక మాట జవాబిచ్చిన మనిషి, పోయాక మాత్రం అడగనిదానికి కూడా చెబుతాడు. ఉండవయ్యా, పై అంతస్తులో ఎవరో ఆలస్యంగా తింటున్నారేమో, ఆఫీసులకు పోయేవాళ్లకు వేళాపాళా ఉంటుందా, అని ఆయనకు సర్దిచెప్పి ఎదురుగా ఉన్న తలుపు వంక చూసింది. తలుపు చుట్టూ గోధుమరంగు టేపు, పైనా కిందా పక్కలా, పుండుకు పట్టీ వేసినట్టు. లోపల నల్లుల మందు, బయట తను. తన పని ఒక్కటే, సాయంత్రం దాకా ఆ తలుపు ఎవరూ తియ్యకుండా చూడటం, ఎవరైనా అడిగితే పెయింటు పని జరుగుతోందని చెప్పడం.

అందుకే ఆమెకు ఆ పేరు. అసలు రూలు ప్రకారం తలుపుకు బోర్డు వేలాడాలి, పుర్రె బొమ్మ, దాని కింద రెండు ఎముకలు, ఎర్ర అక్షరాలతో విషం అని, చదువు రానివాళ్లకు బొమ్మ, వచ్చినవాళ్లకు మాట. పెనిమిటి ఉన్నప్పుడు ఆ రేకు బోర్డును చంకలో పెట్టుకుని తిరిగేవాడు, గుమ్మానికి ముందు దాన్ని తగిలించి, ఆ తరవాతే మందు కొట్టే పంపు భుజానికెత్తేవాడు. కానీ పుర్రెను చూస్తే ఇరుగుపొరుగు ఊరుకుంటారా, మా పిల్లలు జడుసుకుంటున్నారని ఒకరు, మా ఇంటికి చుట్టాలొస్తున్నారు ఈ బొమ్మేమిటని ఇంకొకరు, నల్లులున్న సంగతి నలుగురికీ తెలిసిపోయిందని మందు పెట్టించుకున్నవాళ్లే మొహం మాడ్చుకోవడం. దాంతో మందు కంపెనీ సూపర్‌వైజరు బోర్డు తీయించేసి, బోర్డు బదులు మనిషిని కూర్చోబెట్టే పద్ధతి పెట్టాడు. మనిషైతే నవ్వుతుంది, మాట్లాడుతుంది, ఎవరినీ భయపెట్టదు. పెనిమిటి పోయాక, ఏదో ఒక పని ఇవ్వండి బాబూ అని ఆమె వెళితే, పంపు ఎత్తే ఓపిక నీకు లేదుగానీ కూర్చోగలవా అని అడిగాడు. కూర్చోగలనండీ, పుట్టిన దగ్గర్నుంచీ నాకు కూర్చునే యోగం పట్టలేదు, ఇప్పుడు పడితే కాదంటానా, అంటే అక్కడున్న అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచే బోర్డమ్మ పుట్టింది. ఆ రేకు బోర్డేమో ఇప్పుడు వాళ్లింట్లో నీళ్ల డ్రమ్ము మీద మూత, పుర్రె బొమ్మ కిందికి, చీకట్లో నీళ్లలో తన మొహం తానే చూసుకుంటూ. మనవడు దాని మీద గరిటెతో దడదడ వాయిస్తాడు.

మనవడు. వాడి ఈడువాడే, లేకపోతే ఇంకాస్త చిన్నవాడు, ఈ పక్కింటి పిల్లాడు. వద్దు, వాడి సంగతి ఇప్పుడొద్దు. నల్లుల సంగతి అనుకుందాం. ఈ ఇంటి నల్లులు ఏ మందుకూ చావలేదట, పరుపు మార్చారు, మంచం మార్చారు, ఇక ఇంటాయన భార్యను మారుస్తాడేమో వదినా అని పొద్దున పంపు తమ్ముడు నవ్వించాడు. తోడబుట్టినవాడేం కాదు, తోటి పనివాడు, పెనిమిటి చేతికింద పని నేర్చినవాడు, అందుకని ఆమెను వదినా అంటాడు, పంపు మోస్తాడు కాబట్టి అందరికీ పంపు తమ్ముడు. ఆ నవ్వు మొహంతోనే సంచీలోంచి బిళ్లల డబ్బా తీశాడు. ఆమె నవ్వు అక్కడే ఆగింది. అవి ఇళ్లలో పెట్టేవి కావు. ఊరి బయట గోడౌన్లలో ధాన్యం బస్తాల మధ్య, చుట్టుపక్కల మనిషన్నవాడు లేకుండా చూసుకుని, శిక్షణ పొందినవాళ్లు పెట్టే బిళ్లలు. చెమ్మ తగిలితే చాలు ఆవిరై లేస్తాయి, కంటికి కనబడవు, గోడ పగుళ్లలోంచి కూడా దారి చేసుకుంటాయి.

"ఇవెందుకురా తెచ్చావు? మీ అన్న వీటిని ఇంటి గడప దాటనిచ్చేవాడు కాదు."

"సారు ఇచ్చాడు వదినా, నేను అడిగానా? ఒక్క నల్లి మిగిలినా మళ్లీ మనల్నే తిడతారు. టేపు వేసేస్తాంగా."

వేశాడు పాపం, ఒక్కో కిటికీకీ ఒక్కో సందుకీ. బాత్రూము దగ్గరికొచ్చేసరికి టేపు చుట్ట అయిపోయింది. ఈ బాత్రూముకీ పక్కింటి బాత్రూముకీ మధ్య పైపులు దిగే సన్నటి సందు ఉంది, దాంట్లోకి చిన్న కిటికీ. ఆ సందులో ఎవరుంటారు వదినా, పావురాళ్లేగా, అవి మనమీద కేసు పెడతాయా, అంటూ పాత గుడ్డ ఒకటి కుక్కి చేతులు దులుపుకున్నాడు. రాత్రంతా వాన, ఇంకా తుంపర పడుతూనే ఉంది, గోడలు ముట్టుకుంటే వేళ్లకు తడి. ఆమె చూసింది. చూసి నోరు విప్పబోయి, నేను కూర్చునేదాన్ని గానీ పెట్టేదాన్ని కాదు కదా అని మూసుకుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుందిరా మన పని, అని మాత్రం అంది, అంటే వాడు మళ్లీ నవ్వాడు, మాస్కు మెడలోకి లాక్కుంటూ ఇంకో ఇంటికి పరుగెత్తాడు. మూతికి పెట్టుకోవాల్సిన మాస్కు మెడకు. దానికీ లోపల మార్చాల్సిన దూది మార్చి ఎన్నాళ్లయిందో. పెనిమిటి మాస్కు కూడా అంతే, కొత్త దూది రాలేదు రాలేదు అని చెప్పి చెప్పి కంపెనీవాళ్ల నోరు అరిగిపోయింది, ఆయన చేతిరుమాలు మడిచి అందులో పెట్టుకునేవాడు, సాయంత్రం ఆ రుమాలు ఉతకబోతే ఆమె గొంతులో మంట. ఆ మంట ఆమెకు చేతులు కడుక్కునేదాకా. ఆయనకు చివరిదాకా.

మళ్లీ వచ్చింది. వెల్లుల్లా, కుళ్లిన చేపా? ఈ ముక్కొకటి, ఏళ్ల తరబడి మందు బట్టలు ఉతికి ఉతికి మొద్దుబారిన ముక్కు, దీన్ని నమ్మేదెలా. ఆ బిళ్లల ఆవిరికి అదే వాసన, ఒక్కోసారి వాసన లేకుండా కూడా ఉంటుందే అది, వాసన వచ్చిందంటే మర్యాదగా చెప్పి వస్తోందన్నమాట, అనేవాడు ఆయన. ఒక్కరోజు శిక్షణకు వెళ్లొచ్చి నెలంతా అవే మాటలు. గ్లౌజు లేని చెయ్యి చెయ్యి కాదు, మందు డబ్బాలో మంచినీళ్లు పోయకూడదు, ఇంటికి రాగానే నీళ్లు పోసుకోనిదే పిల్లను ముట్టుకోకూడదు. కూతురు చిన్నప్పుడు నాన్నా అని పరుగెత్తుకొస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు అతుక్కుపోయేవాడు, అదేదో ఆట అనుకుని అది పగలబడి నవ్వేది. ఇప్పుడు బోర్డమ్మ కూడా అంతే. కూర్చుని వచ్చే మనిషికి ఏం అంటుతుందమ్మా, అని కూతురు విసుక్కున్నా సరే, బయటే కాళ్లు చేతులు కడిగి, నీళ్లు పోసుకుని, చీర మార్చి, అప్పుడు మనవణ్ని ఎత్తుకుంటుంది. అంత జాగ్రత్త మనిషి. తన గుమ్మం దగ్గర అంత జాగ్రత్త మనిషి.

పక్కింటి అమ్మాయి వచ్చినప్పుడు కూడా చేతులు వెనక్కే కట్టుకుంది. వద్దనుకున్నా అదే గుర్తొస్తోంది. భుజాన పిల్లాడు, ముంజేతికి సంచి, వేలికి తాళం చెవి, జుట్టంతా వాన. పిల్లాడు బోర్డమ్మను చూసి నవ్వాడు, కింద ఒకే ఒక పన్ను.

"పెద్దమ్మా, వీణ్ని కాస్త పట్టుకుంటారా, తాళం తీస్తాను."

"వద్దమ్మా, వద్దు. నా చేతులు బాగాలేవు."

"ఏమైంది చేతులకు?"

"పెయింటమ్మా. లోపల పెయింటు వేస్తున్నారు."

రంగు చుక్కయినా లేని రెండు చేతులు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఊరుకున్నా సరిపోయేది, కానీ ఆమె మాటలమనిషి, నోట్లో నువ్వుగింజ నానదు, అబద్ధానికి కూడా ఆప్యాయత అద్దకుండా చెప్పలేదు. పెయింటా, వాసనొస్తుందేమో, వీడికి అసలే జలుబు, అని ఆ పిల్ల కంగారుపడితే, కిటికీలన్నీ గట్టిగా మూసేసుకో తల్లీ, వాసన రాదు, వీణ్ని పక్కలో వేసుకుని నువ్వూ కాసేపు నడుం వాల్చు, అని తన నోటితో తనే చెప్పింది. కన్నకూతురికి చెప్పినట్టు చెప్పింది. అది కూడా కన్నతల్లి మాట విన్నట్టే విన్నది. "రాత్రంతా నిద్రలేదు పెద్దమ్మా. తలుపు గంట కూడా ఆపేస్తాను, వీడు ఉలిక్కిపడి లేస్తాడు. ఎవరైనా తలుపు కొట్టబోతే కాస్త మీరే వద్దని చెప్పండి." చెబుతానమ్మా, నేనుండగా చీమ కూడా రాదు. అవును, అలాగే అంది. తలుపు పడింది. లోపల కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్న చప్పుడు, టక్, టక్, టక్, ఆమె విన్నది, ప్రతి చప్పుడూ విన్నది.

చీమ రాదు. చీమకు తలుపెందుకు. బాత్రూము కిటికీ అది మూసిందో లేదో. మూసినా ఏం మూస్తుంది, అద్దం పలకలు వంచి పెట్టిన కిటికీ, పలకకూ పలకకూ మధ్య వేలు దూరుతుంది. ఫోను చేద్దాం. చేస్తే ఏమంటాడు, కోప్పడతాడు, కోప్పడనీ. ఆమె కొంగున కట్టిన ఫోను తీసి సూపర్‌వైజరుకు చేసింది, గొంతు తగ్గించి, చేత్తో అడ్డం పెట్టుకుని.

"సార్, వాసనొస్తున్నట్టుందండీ. పక్కింట్లో పసిపిల్లాడున్నాడు."

"వచ్చినట్టుందా, వచ్చిందా?"

"నా ముక్కు సంగతి మీకు తెలుసుగా సార్."

"ఆ ముక్కును నమ్ముకుని నా కొంప ముంచకు. విను బోర్డమ్మా, ఆ బిళ్లలు ఇళ్లలో పెట్టకూడదని నీకూ తెలుసు నాకూ తెలుసు. గోల చేశావనుకో, పోలీసులొస్తారు. వస్తే ముందు ఎవరిని పట్టుకుంటారు? తలుపు ముందు కూర్చున్నదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, నోరు మూసుకుని కూర్చో."

పెట్టేశాడు. ముందు నిన్నే పట్టుకుంటారు. నిజమే, పంపు తమ్ముడు ఊళ్లో ఎక్కడున్నాడో, సారు ఆఫీసులో, ఇంటాయన చుట్టాలింట్లో, తలుపు ముందున్నది తనొక్కతే, అబద్ధం చెప్పిందీ తనొక్కతే. చేతికి బేడీలు వేసి తీసుకెళుతుంటే మనవడు డ్రమ్ము మీద గరిటె వాయిస్తూ చూస్తాడా. కూతురు పనికి వెళితే వాణ్ని ఎవరు చూస్తారు. ఛీ, ఏమీ కాదు, అన్నిటికీ ముందే గుండెలు బాదుకోవడం నీకు పుట్టుకతో వచ్చిన జబ్బు, లేచి ఒకసారి పక్కింటి తలుపుకు చెవి ఆన్చి చూడు, పిల్లాడి ఊపిరి వినబడుతుంది, వినబడితే వచ్చి కూర్చో. లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. తలుపుకు చెవి ఆన్చింది. గోడకు చెవులుంటాయంటారు గానీ తలుపుకు ఉండవు, ఒట్టి చెక్క, చల్లటి చెక్క. తరవాత, ఎక్కడో లోపలి గదిలో, పిల్లాడు ఏడ్చాడు. అమ్మయ్య. ఏడుస్తున్నాడు, బతికే ఉన్నాడు. ఇప్పుడు తల్లి లేస్తుంది, జోకొడుతుంది. ఏడుపు మధ్యలో దగ్గు. మళ్లీ ఏడుపు, పాలకోసం ఏడ్చేది కాదు, గొంతు పొరలు పొరలుగా లేచే ఏడుపు. తల్లి మాట వినబడదేం. రాత్రంతా నిద్రలేని పిల్ల, మొద్దునిద్రలో ఉంటుంది. ఏడవనీ, ఏడుపుకు లేస్తుంది, లేవాలి.

ఆ దిగులు భరించలేక చూపు తిప్పుకుంటే మెట్ల మలుపులో ఉన్న జాలీ కిటికీ కనబడింది, ఆ పైపుల సందు వైపే అది. పొద్దున కూర్చున్నప్పటి నుంచీ అక్కడ పావురాళ్లు గుర్రు గుర్రుమంటూనే ఉన్నాయి, తలనొప్పి తెప్పించాయి, ఒకటి రెండుసార్లు చప్పట్లు కొట్టి తరిమింది కూడా. ఇప్పుడు ఆ గోల లేదు. ఎప్పుడాగిందో. నాలుగు మెట్లెక్కి జాలీకి మొహం ఆన్చింది. పైపు వంపులో ఒక పావురం కూర్చుని ఉంది, నోరు తెరుచుకుని, వానలో దాహమేసినట్టు. రెక్క ఒకటి జారి వేలాడుతోంది. దాన్ని చూస్తుండగానే అది ముందుకు ఒరిగింది, ఎగరలేదు, ఎవరో చేతిలోంచి జారవిడిచిన గుడ్డముక్కలా కిందికి, ఇంకా కిందికి, రేకు మీద పడిన చప్పుడు. ఆ చప్పుడులోనే ఆమెకు ఇంకొక సంగతి తెలిసింది. పిల్లాడి ఏడుపు కూడా ఆగిపోయింది.

ఎలా దిగిందో ఎలా పడిందో, రెండు అరచేతులతో తలుపు మీద బాదింది, అమ్మాయ్, అమ్మాయ్, లే తల్లీ, తలుపు తియ్యి. గంట మీట నొక్కింది, అది మూగది, తనే కదా సరేనంది. తలుపు తియ్యమ్మా, పెయింటు వాసన ఎక్కువగా ఉంది, అని అరిచింది, అరిచి తన నోరు తానే విని నివ్వెరపోయింది, ఇంకా పెయింటేనా, ఇప్పుడు కూడానా. పిల్లాడు పోతుంటే కూడా ఈ నాలుక సారు చెప్పిందే చెబుతుందా. ఏమయ్యా, ఇప్పుడు చెప్పవేం, అడగనిదానికల్లా చెబుతావే, అని పెనిమిటిని గట్టిగా తిట్టింది, కాసేపటి క్రితం వరకూ ఉన్నవాడు ఇప్పుడు లేడు, తలుపు ముందు తనొక్కతే. అప్పుడు ఆమె గుండెలో గాలినంతా కూడదీసి అరిచింది. విషం. విషం పెట్టాం. పెయింటు కాదమ్మా, నేను అబద్ధం చెప్పాను, విషం పెట్టాం, మీ ఇంట్లోకి వస్తోంది, లే, పిల్లాణ్ని తీసుకుని బయటికి రా, విషం. గొంతు జీరపోయింది. కింద వాచ్‌మన్ ఏమైందని కేకేశాడు. అన్ని తలుపులూ కొట్టవయ్యా, అందర్నీ దించెయ్, మేం విషం పెట్టాం, అని కిందికి అరిచి, మెట్ల పక్క గోడ వారగా ఉన్న పూలకుండీ ఎత్తి తలుపు పక్కనున్న వంటగది కిటికీ అద్దం మీద వేసింది. అద్దం భళ్లున పగిలింది. ఇన్నేళ్లలో ఆమె ఎవరి గిన్నె కూడా పగలగొట్టలేదు.

ఆ చప్పుడుకు లోపల ఏదో కదిలింది. కుర్చీ పడింది. గోడ పట్టుకుని వస్తున్న అడుగులు, ఆగాయి, మళ్లీ వచ్చాయి. రా తల్లీ, రా, ఇంకొక్క అడుగు. గొళ్లెం ఒకసారి జారింది, రెండోసారి పడింది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది, మొహం సున్నం కొట్టినట్టుంది, రవిక మీద వాంతి, చేతుల మీద పిల్లాడు, తల వెనక్కి వాలిపోయి. "తల పగిలిపోతోంది పెద్దమ్మా, వీడు లేవడం లేదు," అంటూనే మోకాళ్ల మీద కూలబడి, పిల్లాణ్ని ముందుకు చాపింది. "పట్టుకోండి." బోర్డమ్మ చేతులు అలవాటు కొద్దీ వెనక్కి పోబోయాయి. పోబోయి ముందుకొచ్చాయి. పట్టుకుంది. మనవడికంటే తేలిక. వెచ్చగానే ఉన్నాడు, దేవుడా, వెచ్చగానే ఉన్నాడు. వాచ్‌మన్ పైకొచ్చి తల్లిని రెక్క పట్టి లేపాడు, ఈమె పిల్లాడితో మెట్లు దిగింది, ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టుకూ అమ్మా అనే మోకాళ్లు ఇప్పుడు ఎవరివో అయిపోయాయి.

బయట తుంపర. ఆకాశం కింద, గోడలు లేని చోట, పిల్లాణ్ని భుజానికెత్తుకుని వీపు నిమిరింది. గాలి పీల్చు నాన్నా, చూడు ఎంత గాలి ఉందో, ఇదంతా నీదే, పీల్చు. తిట్టరా నన్ను, కొట్టరా, ఒంటిపన్నుతో కొరకరా. ఏమీ లేదు. వాన చుక్క ఒకటి వాడి చెవిలో పడింది. ఆమె భుజం మీద ఏదో వెచ్చగా జారింది, వాంతి చేసుకున్నాడు, మళ్లీ చేసుకున్నాడు, ఆ తరవాత, చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు, ఒక సన్నటి ఏడుపు వచ్చింది. ఏడువు, ఏడువు నాన్నా, ఆపకు. కింది ఇంటాయన కారు తీశాడు. తల్లిని వెనకసీట్లో కూర్చోబెట్టి ఒళ్లో పిల్లాణ్ని పెడుతూ, ఆమె ఆ పిల్ల గడ్డం పట్టుకుని కళ్లలోకి చూస్తూ చెప్పింది. "డాక్టరుకు నల్లుల మందు అని చెప్పకు తల్లీ. గోడౌన్లలో ధాన్యానికి పెట్టే గ్యాసు బిళ్లలు అని చెప్పు. మరిచిపోకు. మేమే పెట్టామని చెప్పు." ఆ పిల్ల ఆమెను తిట్టలేదు. "కిటికీలు మూసుకోమన్నారు కదా పెద్దమ్మా," అంది, అంతే, అర్థంకాక అడిగినట్టు. కారు వెళ్లిపోయింది. ఏడుపు మలుపు దాకా వినబడింది. ఆ తరవాత వినబడలేదు, మలుపు తిరిగినందుకో, మరెందుకో, ఆమెకు తెలిసే దారి లేదు.

ఇళ్లలోంచి జనం దిగుతున్నారు, తువ్వాళ్లతో, చెప్పులు లేకుండా, నిద్రమొహాలతో. ఏమిటమ్మా, ఏం పెట్టారు, ఎవరు పెట్టమన్నారు, అని చుట్టూ మూగుతున్నారు, ఎవరో పోలీసులకు ఫోను చేస్తున్నారు. చెయ్యనీ. భుజం మీద వాంతి వానకు తడిసి చీర వెంట కారుతోంది, దాన్ని కడుక్కోవాలనిపించలేదు. ఈ చేతులతో ఇవాళ ఇంటికెళ్లి మనవణ్ని ఎలా ముట్టుకుంటుంది, ఎన్ని నీళ్లు పోసుకుంటే. కొంగున ఫోను మోగింది.

"ఏం బోర్డమ్మా, సద్దుమణిగిందా? ఎవరైనా అడిగారా?"

"అడగలేదండీ. నేనే చెబుతున్నాను."

అవతల గొంతు అరుస్తూనే ఉంది, అరుస్తున్న ఫోనును అలాగే కొంగున ముడివేసుకుంది. సంగతి తెలియని ఎవరో ముసలాయన, గొడుగు ముడుచుకుంటూ, పాల సంచి పట్టుకుని గేటులోంచి లోపలికి వస్తున్నాడు. ఆమె వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడి, రెండు చేతులూ బార్లా చాపింది. ఒక చెయ్యి ఈ స్తంభానికీ, ఒక చెయ్యి ఆ స్తంభానికీ ఆనలేదు, మనిషి చాలలేదు, అయినా చాపింది.

"లోపలికి వెళ్లకండి బాబూ," అంది. "విషం."